పెట్టెలు పంచితే చాలదు, పని నేర్పాలి

బోధన్ బస్టాండులో దిగి ఎవరిని అడిగినా శక్కర్‌నగర్ దారి చూపిస్తారు. 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ అక్కడే ఉన్నది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు మోసిన ఆ ఫ్యాక్టరీని 2002లో ప్రైవేటు చేతుల్లో పెట్టారు. 2015 డిసెంబరులో లేఆఫ్ పేరుతో మూసివేశారు. తెరిపిస్తామన్న మాట ఎన్నికలెన్నికలకూ వినబడుతూనే వచ్చింది. ఆ ఫ్యాక్టరీకి కొద్ది దూరంలోని ఒక ఊళ్ళో, సెంటు భూమి లేని ఒక కూలి తల్లి మాతో అన్న మాట ఇది:

"చక్కెర ఫ్యాక్టరీ నీడల్నే పుట్టి పెరిగినం సారూ. ఇయ్యాల నా ఈగలకు పోసెతందుకు కిలో చక్కెర దుకాణంల కొనుక్కొస్తున్న."

ఆమె వాకిట్లో మునగ చెట్టు కింద మూడు కర్ర పెట్టెలున్నాయి. పెట్టెల కాళ్ళ కింద నీళ్ళు పోసిన కొబ్బరి చిప్పలు, చీమలెక్కకుండా. అరుగు మీద బీడీల చాట. చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. నిజామాబాద్ జిల్లాలో వేలాది ఇండ్లలో కనిపించే చాటే అది. ఆ చాట పక్కన ఈ పెట్టెలెట్లా వచ్చినవి, వచ్చి ఎట్లా నిలిచినవి, మధ్యలో ఎందుకు పోయినవి అన్నది కూలీ సోదరులూ, సంఘం కార్యకర్తలూ తెలుసుకోదగిన సంగతి అని మేము అనుకుంటున్నాము.

భూమి లేని వాళ్ళ పాడి

బర్రెను పెంచాలంటే గడ్డి కావాలి, గడ్డికి గట్టయినా కావాలి. మేకను మేపబోతే ఫలానావారి చేనులో పడిందని తగాదా. ఈగకు గట్టు అడ్డం లేదు. పొద్దున లేచి కిలోమీటరు దూరం దాకా పోయి, ఎవరి పూవు మీదనైనా వాలి, ఎవరికీ నష్టం చేయకుండా తెచ్చుకుంటుంది. పైగా మేలు చేస్తుంది. బీర, సొర, దోస, గుమ్మడి వంటి పాదులకు ఈగ రాకపోతే పిందె నిలవదు. నువ్వులకు, పొద్దుతిరుగుడుకు ఈగ వాలితే గింజ బాగా కడుతుంది. కాబట్టి కూలివాడి పెట్టెలోని ఈగ రైతు చేనులో పని చేస్తున్నదన్నమాట. ఆ పనికి మాత్రం లెక్కా లేదు, కూలీ లేదు.

నిజాంసాగర్ 1931లో పూర్తయిన నాటి నుంచి కాలువ నీళ్ళతో పచ్చగా ఉన్న ఈ ప్రాంతాన్ని చూస్తే ఈగలకు కరువేమున్నది అనిపిస్తుంది. నిజం వేరు. చెరకును పూతకు రాకముందే నరుకుతారు. వరికి గాలి చాలు, దాని పూతలో తేనె ఉండదు. చెరకు పోయి వరి పెరిగినా ఈగ కడుపు నిండలేదు. ఈగలకు అన్నం పెట్టేది ఉగాదినాటి వేపపూత, ఎండాకాలపు కానుగ, ఆ వెనుక చింత, కాలువ కట్టల మీది తుమ్మ, పోరంబోకులోని నేరేడు, రేగు, పెరటి మునగ. అంటే ఊరుమ్మడి చెట్లే ఈగలకు ఆధారం. ఆ చెట్లను నరికి కట్టెలమ్ముకున్న చోట, పోరంబోకును దున్ని కలుపుకున్న చోట, కూలివాడికి మేకలతోపాటు ఈగలూ పోతాయి.

లాభం సంగతి దాచిపెట్టకుండా చెప్పుకోవాలి. మన దేశవాళీ తేనెటీగ, అంటే తొర్రల్లో పట్టు పెట్టే మధ్యరకపు ఈగ, పెట్టెకు ఏడాదికి మామూలుగా మూడు నుంచి అయిదు కిలోల తేనె ఇస్తుంది. పెట్టెలను లారీలకెత్తి పూత వెంట ఊళ్ళు తిప్పే పెద్ద పెంపకందార్లు ఐరోపా ఈగతో పాతిక కిలోలకు పైగా తీస్తారు. కాని ఆ పనికి లారీ కిరాయి కావాలి, పెట్టుబడి కావాలి. వాకిట్లో నాలుగు పెట్టెలున్న కూలి ఇంటికి పదిహేను కిలోలు వస్తే మంచి ఏడాది. అది కూలికి బదులు కాదు, కూలికి తోడు. ఈ పనితో లక్షాధికారులవుతారని చెప్పేవాడెవడైనా ఉంటే అతను పెట్టెలమ్ముకునేవాడై ఉంటాడు.

రెండు రోజుల క్లాసు, ఖాళీ పెట్టె

ఈ ఊరికి పెట్టెలు రావడం ఇది మొదటిసారి కాదు. కొన్నేళ్ళ కిందట పట్టణంలో ఒక శిక్షణ జరిగింది. హాలులో కుర్చీలు, గోడ మీద బొమ్మలు, రెండు రోజులు భోజనం, చివరి రోజున సర్టిఫికెట్టు, పెట్టె, ఫోటో. ఈ ఊరినుంచి ఆరుగురు పోయారు. ఆరుగురూ మగవాళ్ళే, కూలి పోయినా తట్టుకోగలవాళ్ళు. ఆ పెట్టెలేమైనవని అడిగితే ఊరివాళ్ళు నవ్వారు. వానలు పడగానే పువ్వు కరువై ఈగలు ఆకలికి లేచిపోయినవి. మిగిలిన పట్టుకు మైనపు పురుగు పట్టింది. ఒక పెట్టెలో ఇప్పుడు కోడి పొదుగుతున్నది.

తప్పు ఆ ఆరుగురిది కాదు. రెండు రోజుల్లో ఎడ్ల అరక పట్టడం ఎవడికీ రాదు. ఈత రాదు. బీడీ చుట్టడం కూడా రాదు. ఈగల పని ఏడాది పని. పూత కాలంలో ఒకటి, ఎండల్లో మరొకటి, వానల్లో ఇంకొకటి. పూత కాలంలో నేర్పి వెళ్ళిపోయిన మాస్టరు వానాకాలంలో కనబడకపోతే ఆ చదువు సగం చదువే.

మన దేశంలో ఈ పని బలపడ్డ కథ కూడా ఇదే చెబుతున్నది. చట్రాలను తీసి పెట్టగలిగే పెట్టెను 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే ఆయన కనిపెట్టాడు. అది పెద్ద ఈగకు కుట్టిన చొక్కా. మన ఈగకు వదులయింది. 1911కూ 1917కూ మధ్య దక్షిణ భారతంలో ఫాదర్ న్యూటన్ అనే పాదిరీ మన ఈగకు సరిపోయే చిన్న పెట్టె తయారుచేసి, దానితో పల్లె జనానికి దగ్గరుండి పని నేర్పాడు. అందుకే ఆ పెట్టెకు ఇప్పటికీ న్యూటన్ పెట్టె అనే పేరున్నది. పెట్టె ఈగకు సరిపోవాలి, నేర్పే తీరు మనిషికి సరిపోవాలి. ఈ రెండోదాన్నే మన శాఖలు మరచిపోయినవి.

వడ్రంగి కాక నేర్పిన చదువు

మేము చెబుతున్న ఈ తల్లికి పని నేర్పింది ఏ ఆఫీసరూ కాదు. నిజామాబాద్ పట్టణంలో వడ్రంగం చేసుకుని బతికే ఒక ముసలాయన. ఈగల పెట్టెలు చేస్తూ చేస్తూ ఈగల పని పట్టుకున్నాడు. ఊళ్ళో ఒక పాడుబడ్డ ఇంటి గోడ తొర్రలో పట్టు ఉన్నదని తెలిసి వచ్చాడు. అప్పటికి పిల్లలు కాగడా కట్టి కాల్చబోతున్నారు. కాలిస్తే దొరికేది ఒకపూట తేనె. చచ్చేది ఒక కుటుంబం. "పిండుడు కాదు బిడ్డా, పెంచుడు నేర్చుకో" అన్నాడట ఆయన. పొద్దుగూకిన తర్వాత ఆ పట్టులను ఒక్కొక్కటిగా కోసి, అరటి నారతో చట్రాలకు కట్టి, రాణి ఈగను వెతికి పెట్టెలోకి చేర్చాడు. రాణి చేరితే మిగతావి దాని వెంట నడిచినవి.

"మొదటి వారం మూత తియ్యనియ్యలె కాక" అని చెప్పింది ఆమె. "గేటు ముందు పక్కకు కూసుండి చూడుమన్నడు. బీడీలు చుట్టుకుంట చూసిన. కాళ్ళకు పసుపు ముద్దలు పెట్టుకొని వస్తున్నయంటే లోపల రాణి గుడ్లు పెడుతున్నట్టు లెక్క. ఉత్త కాళ్ళతోని తిరుగుతున్నయంటే ఏదో తక్కువైందని చూసుకోవాలె."

ఆ పసుపు ముద్ద పుప్పొడి. పిల్ల ఈగలకు అదే పప్పు, అదే గుడ్డు. తేనె బువ్వవంటిది. ఈ సంగతి పుస్తకంలో చదివితే మరచిపోతాము. వారం రోజులు గేటు ముందు కూర్చుంటే మరచిపోము.

రెండో పాఠం చట్రం ఎత్తడం. నిలువుగా, పెట్టె మీదనే ఎత్తి పట్టుకోవాలి. జారినా రాణి పెట్టెలోనే పడుతుంది. మూడోది గుడ్డు పోల్చుకోవడం, గది అడుగున నూకంత తెల్లగా ఉంటుంది. గుడ్డు కనబడితే రాణి రెండు మూడు రోజుల కిందట అక్కడ తిరిగినట్టే, రాణిని వెతకనక్కరలేదు. నాలుగోది సందు. చట్రానికీ పెట్టె గోడకూ మధ్య పెన్సిలు దూరేంత సందు ఉండాలి. తక్కువైతే మైనంతో అంటించేస్తాయి, ఎక్కువైతే అక్కడ కూడా పట్టు కడతాయి. వడ్రంగి కాబట్టి ఈ పాఠం కాక బాగా చెప్పాడు.

బీడీలు చుట్టే వేళ్ళకు ఈ పని తొందరగా పట్టుబడింది. పొగ పెట్టే డబ్బాలో మొదట తంబాకు పొడి వేయబోయిందట. కాక కోప్పడ్డాడు. తంబాకులోని నికోటిన్ పురుగును చంపే విషం. అందులో ఎండు పిడక, కొబ్బరి పీచు తప్ప ఇంకేమీ వేయరాదు.

ఇంటిల్లిపాదీ తలా ఒక పని పట్టుకున్నారు. అత్తమ్మ చిప్పల్లో నీళ్ళు పోస్తుంది, పొద్దున ఊడ్చేటప్పుడు గేటు ముందు చచ్చిపడ్డ ఈగలెన్నో చూస్తుంది. ఎనిమిదో తరగతి చదివే బిడ్డ నోటు పుస్తకంలో రాస్తుంది, ఏ రోజు మూత తీశారు, ఎన్ని చట్రాల్లో పిల్ల ఉన్నది, ఏ పువ్వు మొదలైంది. తన పాఠంలో చదివింది కూడా ఇంట్లో చెబుతుంది. పువ్వు దొరికిన ఈగ పట్టు మీద ఆడి, దిక్కూ దూరమూ తోటి ఈగలకు చెబుతుందని ఆస్ట్రియా శాస్త్రవేత్త ఫ్రిష్ కనిపెట్టాడనీ, 1973లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చిందనీ. గూటిలో కూలి ఈగలన్నీ ఆడవేనని చెప్పిన రోజున అరుగు మీది ఆడవాళ్ళంతా పకపకా నవ్వారట. "ఇండ్లల్ల గూడ కూలి ఆడోళ్ళదేనా!" అని.

కుట్టిన రోజులూ ఉన్నవి. ముల్లు ఒంట్లో ఉన్నంతసేపు విషం లోపలికి దిగుతూనే ఉంటుంది. ఎట్లాగైనా సరే వెంటనే తీసెయ్యాలి. వాపూ మంటా మామూలే. కాని ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరాడకపోతే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి. కొందరి ఒంటికి ఆ విషం అసలే పడదు. అటువంటివారు ఈ పనిలో దిగరాదు. ఈ మాట ముందే చెప్పని శిక్షణ శిక్షణే కాదు.

వాన కాలం ఆకలి, ఆగస్టు దెబ్బ

మొదటి ఏడు ఒకటే పెట్టె. మరుసటేడు వేపపూతకు కుటుంబం బలిసింది. గుడ్లున్న చట్రాలు పంచి మూడు పెట్టెలు చేసుకున్నారు. జూన్ దాటితే పువ్వు కరువు. అప్పుడే చక్కెర అవసరం. కాచి చల్లార్చిన నీళ్ళలో సమానంగా చక్కెర కలిపి, పొద్దుగూకినాక పెట్టె లోపల పెడతారు. పగలు పెడితే పక్క పెట్టె ఈగలు దోపిడీకి దిగుతాయి. ఈ పానకం ఈగల ప్రాణం నిలపడానికే, తేనె పేరుతో అమ్మడానికి కాదు. ఆ తేడా ఈ తల్లికి తెలుసు. బజారుకు తెలిసినట్టు లేదు. 2020 డిసెంబరులో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే సంస్థ 13 బ్రాండ్ల తేనెను పరీక్ష చేయిస్తే 10 బ్రాండ్లలో చక్కెర పాకం కల్తీ బయటపడింది. ఈగ ముట్టని పాకం తేనెగా అమ్ముడుపోతుంటే నిజమైన తేనెకు ధర ఎక్కడినుంచి వస్తుంది?

ఆగస్టులో సోయా పూసింది. కరువులో ఉన్న ఈగలు చేను మీద పడ్డవి. ఆమె పెనిమిటి కూలికి మందు కొడతాడు. ఆ రోజు పొద్దున పది గంటలకు, పూత మీద, పంపు భుజాన వేసుకుని, ముక్కుకు తువ్వాలు తప్ప మరేమీ లేకుండా మందు కొట్టాడు. మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి రెండు పెట్టెల ముందు ఈగలు కుప్పలుగా పడి ఉన్నవి. నాలుకలు బయటికి చాపి, గిలగిల కొట్టుకుంటూ.

"నేను కొట్టిన మందే" అన్నాడట అతను. ఇంకేమీ అనలేదు. ఆ రాత్రి అతనికీ తలనొప్పి, వాంతులు.

ఈ సంఘటన దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాము. తన ఇంటి ఈగలను తన చేతితోనే చంపుకున్న ఆ కూలివాడు ఏ మందు కొట్టాలో, ఏ వేళ కొట్టాలో తాను నిర్ణయించినవాడు కాదు. డబ్బా మీది చిన్న అక్షరాలు అతనికి చదివి చెప్పినవారు లేరు. ఈగను చంపిన విషమే అతని ఊపిరిలోకీ పోయింది. ఈగ వెంటనే చచ్చింది, మనిషి మెల్లగా చస్తాడు. అంతే తేడా. నికోటిన్ వలెనే నరాల మీద పనిచేసే ఇమిడాక్లోప్రిడ్ వంటి మూడు మందులను, ఈగలకు చేటని తేల్చి, ఐరోపా దేశాల కూటమి 2018లో ఆరుబయట పైర్ల మీద నిషేధించింది. మన దుకాణాల్లో ఇమిడాక్లోప్రిడ్ దొరుకుతూనే ఉన్నది.

ఆ దెబ్బతో ఈ కుటుంబం పని మానుకోలేదు. ఊళ్ళో కూలికి మందు కొట్టేవాళ్ళంతా ఒకచోట కూర్చున్నారు. పూత మీదున్న పైరుకు పొద్దున కొట్టము, సాయంత్రం నాలుగు దాటినాకనే కొడతాము, ముందు రోజు ఊళ్ళో చెప్పాలి అన్నారు. కూలిలో కోత ఒప్పుకోమన్నారు. చిన్న రైతులు తొందరగానే ఒప్పుకున్నారు, వాళ్ళకూ బీర పాదులున్నవి. కొందరు మోతుబరులు గొణిగారు. కాని పంపు పట్టే చేతులన్నీ ఒక్క మాట మీదున్నప్పుడు గొణుగుడు ఎంతసేపు? సాయంత్రానికి ఈగలు గూటికి చేరుతాయి. కూలివాడికీ ఎండ తగ్గుతుంది. ముందు రోజు తెలిస్తే గేటుకు జాలి పెట్టి, తడి గోనె కప్పి, ఒక పూట ఈగలను ఆపుకోవచ్చు. ఒక్క ఊరి ఒప్పందంతో విషం పోదు. అయినా ఒక్క ఊరిలో గెలిచిన మాట ఇది.

నేర్చినవాళ్ళు నేర్పాలి

మిగిలిన ఒక్క పెట్టె నుంచి మళ్ళీ మూడయినవి. ఇప్పుడు ఆ అరుగు మీద మరో నలుగురు ఆడవాళ్ళు నేర్చుకుంటున్నారు. క్లాసు టైము రాత్రి కూరాకులు అయినాక, ఆకు కత్తిరించుకునే వేళ. మేము పోయిన రోజున ఒక పక్కింటామె చట్రాన్ని అడ్డంగా ఎత్తబోయింది. "వదినే, నిలువుగ! రాణి పడుతది" అని అరిచింది ఈ తల్లి. కాక దగ్గర తాను తిన్న తిట్టునే అట్లా ముందుకు పంచుతున్నది. నాలుగు కాలాలు చూడనిదే ఎవరికీ పెట్టె ఇవ్వదట.

ఇక ప్రభుత్వాల సంగతి. 2017లో ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ హనీ మిషన్ మొదలుపెట్టింది. 2020లో కేంద్రం జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్‌కు 500 కోట్లు ప్రకటించింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఈ పనిలో శిక్షణ ఇస్తుంది. మంచిదే. కాని బోధన్ బీడీ కార్మికురాలు చాట పక్కనపెట్టి, పిల్లలను వదిలి, అంత దూరం పోయి వారాలపాటు ఎట్లా ఉంటుంది? అన్నిటికంటె ముఖ్యమైన మాట మరొకటున్నది. ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలి వేసిన దేబ్రాయ్ కమిటీ 2019లో ఇచ్చిన నివేదికలో, తేనెటీగను ఎరువు, విత్తనంవలె వ్యవసాయ సాధనంగా గుర్తించాలనీ, భూమి లేని పెంపకందార్లను కూడా రైతులుగా పరిగణించాలనీ సిఫారసు చేసింది. ఆ ఒక్క వాక్యాన్ని అమలు చేయిస్తే, పట్టా లేదన్న సాకుతో అప్పుకూ పరిహారానికీ దూరమైన ఈ తల్లి కూడా రైతే అవుతుంది. చచ్చిన ఆ రెండు కుటుంబాలకు ఆమెకు పైసా రాలేదు, ఎందుకంటే కాగితం మీద ఆమె ఎవరూ కాదు.

కాబట్టి సంఘాలు పెట్టెలు కావాలని మాత్రమే అడిగితే చాలదు. పని తెలిసిన కాకల వంటివారికి జీతమిచ్చి, ఊళ్ళోనే, కూలి వేళలు దాటినాక, ఏడాది పొడవునా నేర్పించాలని అడగాలి. చదువుకునే వేళకు కూలి భత్యం అడగాలి. వానాకాలం దాణాకు చక్కెర సబ్సిడీ అడగాలి. చెరకు పండించి, చెరకు నరికి, చక్కెర కర్మాగారం నడిపిన ప్రాంతం ఇది. ఈగలకు గుప్పెడు చక్కెర అడగడం అత్యాశ కాదు. కాలువ కట్టల మీద, పోరంబోకుల్లో వేప, కానుగ, నేరేడు నాటించి, అవి ఊరుమ్మడివని రాయించుకోవాలి. పూత మీద పగటి మందును ఆపించాలి. భూమి లేని పెంపకందారుకు రైతు గుర్తింపు సాధించాలి.

మేము బయలుదేరేటప్పుడు ఆ తల్లి చిన్న సీసాలో తేనె పోసిచ్చింది. డబ్బులిస్తే తీసుకోలేదు. "మీ ఊళ్ళె ఎవరన్న నేర్చుకుంటనంటే పంపుండ్రి సారూ. అయితే ఉత్త చేతుల్తోని రమ్మనుండ్రి, పెట్టె అడుగుకుంట రావద్దని చెప్పుండ్రి" అన్నది. ఆ మాట ఈ కాలమ్ చదివేవారందరికీ చేరవేస్తున్నాము.